ఐసీయూలో వైర్‌లెస్ సెన్సర్లు: పడక పక్కనున్న మానిటర్లను పూర్తిగా తీసేయవచ్చా?

ప్రశ్న: గోదావరి_బయోమెడ్

అందరికీ నమస్కారం. గోదావరి జిల్లాల్లోని ఒక పట్టణంలో, ఓ ప్రైవేటు ఆసుపత్రిలో నేను బయోమెడికల్ ఇంజినీరుగా పనిచేస్తున్నాను. మాకు 12 పడకల ఐసీయూ, దానిని ఆనుకుని 10 పడకల హెచ్‌డీయూ (ఐసీయూ అంత తీవ్రత లేని రోగుల విభాగం) ఉన్నాయి. త్వరలో కొత్త భవనంలోకి మారుతున్నాం. ఈ సందర్భంలో ఒక కంపెనీ ప్రతినిధి వచ్చి, పడక పక్కనున్న మానిటర్లన్నిటినీ తీసేసి, రోగి ఛాతీ మీద ఒక ప్యాచ్, వేలికి ఒక వైర్‌లెస్ ప్రోబ్ పెడితే చాలునని, అంకెలు, గ్రాఫులు అన్నీ నర్సింగ్ స్టేషన్‌లోని పెద్ద తెర మీదికి వస్తాయని మా యాజమాన్యానికి చూపించి వెళ్లారు. యాజమాన్యానికి అది బాగా నచ్చింది. సాంకేతిక నివేదిక రాయవలసిన బాధ్యత నా మీద పడింది.

తీగల వల్ల మేము పడుతున్న ఇబ్బందులు నాకు తెలియనివి కావు. మా దగ్గర ఎక్కువగా పాడయ్యేవి మానిటర్లు కావు, వాటి ఈసీజీ కేబుళ్లూ, రక్తంలో ఆక్సిజన్ కొలిచే ఎస్పీఓటూ ప్రోబులూ. మంచం రెయిలింగ్ కింద నలిగి, ట్రాలీ చక్రాల కింద పడి, శుభ్రం చేసే మందులకు బిరుసెక్కి అవి తెగిపోతాయి. రోగిని సీటీ స్కాన్‌కు తీసుకువెళ్లేటప్పుడు అన్నీ ఊడదీసి, పోర్టబుల్ మానిటర్‌కు తగిలించి, తిరిగి వచ్చాక మళ్లీ మొదటి నుంచి తగిలించాలి. ఆ మధ్యలో కొన్ని నిమిషాలు రోగి ఏ తెర మీదా ఉండడు. అందువల్ల ఈ ప్రతిపాదనను కొట్టిపారేసే ఉద్దేశం నాకు లేదు.

అయితే నా సందేహాలు నాకున్నాయి. మా భవనంలో వైఫై అంతా 2.4 గిగాహెర్ట్జ్‌లోనే ఉంది. ఐసీయూ బయట వరండాలో అటెండెంట్ల ఫోన్లు ఎప్పుడూ పదుల సంఖ్యలో ఉంటాయి. సిబ్బంది గదిలో మైక్రోవేవ్ ఓవెన్ ఉంది. కరెంటు పోయి జనరేటర్ అందుకునే లోపు నెట్‌వర్క్ స్విచ్చులు ఒకటి రెండుసార్లు ఆగిపోయిన అనుభవం కూడా ఉంది. ప్రాణం మీదకు వచ్చిన రోగి గుండె లయను గాలిలో పంపించి నమ్మవచ్చా? నమ్మవచ్చంటే ఏ షరతులతో? రేడియో తెలిసినవారు, ఐసీయూలో పనిచేసేవారు దయచేసి వివరంగా చెప్పగలరు.


సమాధానం 1: తరంగపట్టీ

నమస్కారం. నేను ఇరవై ఏళ్లుగా రేడియో పరికరాల పరీక్షల రంగంలో ఉన్నాను, వైద్యుణ్ని కాను. కాబట్టి గాలిలో జరిగే సంగతి వరకే చెబుతాను.

మీ భయానికి చరిత్రలో ఆధారం ఉంది. 1998 ఫిబ్రవరిలో అమెరికాలోని డాలస్ నగరంలో ఒక టీవీ కేంద్రం డిజిటల్ ప్రసారాన్ని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టగానే, అదే నగరంలోని బేలర్ వైద్య కేంద్రంలో గుండె రోగుల వైర్‌లెస్ మానిటర్లు పనిచేయడం మానేశాయి. అప్పటి వరకు ఖాళీగా ఉన్న టీవీ ఛానెల్‌ను ఆ మానిటర్లు వాడుకుంటూ వచ్చాయి. అసలు హక్కుదారు వచ్చేసరికి అద్దెకున్నవాడు వీధిన పడ్డట్టయింది. అదృష్టవశాత్తు ఏ రోగికీ హాని జరగలేదు. ఆ సంఘటన తరువాతనే 2000లో అక్కడి రేడియో తరంగాల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 608 నుంచి 614, 1395 నుంచి 1400, 1427 నుంచి 1432 మెగాహెర్ట్జ్ పట్టీలను వైద్య టెలిమెట్రీకి, అంటే రోగి కొలతలను రేడియో ద్వారా పంపడానికి, ప్రత్యేకించింది. 2012లో ఒంటి మీద పెట్టుకునే సెన్సర్ల కోసం 2360 నుంచి 2400 మెగాహెర్ట్జ్ వరకు వాడుకోవడానికి కూడా అనుమతించింది.

ఇక్కడే మీరు జాగ్రత్తపడవలసిన విషయం ఉంది. మన దేశంలో 2300 నుంచి 2400 మెగాహెర్ట్జ్ పట్టీ 4జీ మొబైల్ సేవలది. అమెరికాలో అనుమతి పొందినంత మాత్రాన అక్కడి వైద్య పట్టీలో పనిచేసే సెన్సర్‌ను ఇక్కడ ఆన్ చేయడం కుదరదు. చేస్తే చట్టవిరుద్ధం మాత్రమే కాదు, పక్కనున్న సెల్ టవర్ ముందు దాని గొంతు వినిపించదు కూడా. మనకు లైసెన్సు అవసరం లేకుండా దొరికే పట్టీల్లో ఇలాంటి పరికరాలు వాడుకునేవి ముఖ్యంగా 2.4 గిగాహెర్ట్జ్, 865 నుంచి 868 మెగాహెర్ట్జ్. కాబట్టి ప్రతినిధిని మొదట అడగవలసినది, ఆ ప్యాచ్ ఏ ఫ్రీక్వెన్సీలో మాట్లాడుతుంది, దానికి రేడియో తరంగాలను పర్యవేక్షించే మన డబ్ల్యూపీసీ ఇచ్చిన ఈటీఏ (పరికర ఆమోద) పత్రం ఉందా అని. వైద్య పరికరంగా మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ సీడీఎస్‌సీఓ లైసెన్సు వేరుగా ఉండాలి. ఈ రెండు కాగితాలూ చూపలేనివారితో మిగతా చర్చ అనవసరం.

2.4 గిగాహెర్ట్జ్‌లో రద్దీ సంగతి చూద్దాం. ఈ ప్యాచ్‌లలో చాలా వరకు బ్లూటూత్ లో ఎనర్జీ పద్ధతిని వాడతాయి. అందులో 2 మెగాహెర్ట్జ్ వెడల్పుతో 40 ఛానెళ్లు ఉంటాయి. పరికరాలు ఒకదాన్నొకటి వెతుక్కునే మూడు ఛానెళ్లను 2402, 2426, 2480 మెగాహెర్ట్జ్‌ల దగ్గర పెట్టడానికి కారణం, వైఫై సాధారణంగా కూర్చునే 1, 6, 11 ఛానెళ్ల సందుల్లో అవి ఇమిడిపోవడమే. తక్కిన ఛానెళ్ల మీద అది గెంతుతూ, పాడైనవాటిని వదిలేస్తూ పోతుంది. పంపవలసిన సమాచారం కూడా చాలా తక్కువ. సెకనుకు 250 నమూనాలు, నమూనాకు 16 బిట్లు అనుకున్నా ఒక ఈసీజీ లీడ్‌కు సెకనుకు 4,000 బిట్లే అవుతాయి. మీ 22 పడకలకూ కలిపి 88,000. వరండాలో ఒక్క అటెండెంట్ చూసే సినిమాకు దీనికి ఎన్నో రెట్లు కావాలి. మైక్రోవేవ్ ఓవెన్‌ను మాత్రం అవతలి అంతస్తుకు మార్చండి. అది కూడా 2.45 గిగాహెర్ట్జ్ దగ్గరే పనిచేస్తుంది, దానితో వాదించే పని మనకెందుకు?

వైఫై కంటే నన్ను ఎక్కువగా భయపెట్టేది రోగి శరీరమే. మన ఒంట్లో ఎక్కువ భాగం నీరు. 2.4 గిగాహెర్ట్జ్ తరంగాన్ని నీరు బాగా పీల్చుకుంటుంది. ఛాతీ మీద ప్యాచ్ ఉన్న రోగిని బోర్లా పడుకోబెడితే ఆ ప్యాచ్ పరుపుకూ ఒంటికీ మధ్య నలిగిపోతుంది, సంకేతం ఒక్కసారిగా పడిపోతుంది. అందువల్ల ప్రతి పడకనూ కనీసం రెండు గేట్‌వేలు (ప్యాచ్ సంకేతాన్ని అందుకుని నెట్‌వర్క్‌కు పంపే పెట్టెలు) వేర్వేరు దిక్కుల నుంచి చూడగలిగేలా బిగించండి. ఆ గేట్‌వేలకూ, వాటి స్విచ్చులకూ వెంటిలేటర్లకు ఇచ్చిన యూపీఎస్ లైను నుంచే కరెంటు ఇవ్వండి.

చివరగా ఒక అధ్యయనం గురించి చెబుతాను. సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వారు ఒక ఆసుపత్రి స్టెప్‌డౌన్ యూనిట్‌లో, అంటే మీ హెచ్‌డీయూ వంటి చోట, 41 మంది రోగులకు వైర్‌లెస్ పల్స్ ఆక్సీమీటర్లు పెట్టి ఫలితాలను 2010లో ప్రకటించారు. నెట్‌వర్క్ నమ్మకత్వం మధ్యస్థంగా 99.68 శాతం వచ్చింది. సెన్సర్ నుంచి పనికివచ్చే కొలత దొరికిన శాతం మాత్రం మధ్యస్థంగా 80.85 మాత్రమే, ఒక రోగి విషయంలో అయితే అది 0.46 శాతానికి పడిపోయింది. వేలి దగ్గర పుట్టిన కొలతను రేడియో దాదాపు ఎప్పుడూ పోగొట్టలేదు. చాలాసార్లు వేలి దగ్గర కొలతే పుట్టలేదు. కాబట్టి మీ నివేదికలో సగానికి పైగా పేజీలు వైఫైకి కేటాయించకండి. చర్మం సంగతి తెలిసినవారిని అడగండి.


సమాధానం 2: రాత్రిడ్యూటీ_సిస్టర్

ఇంజినీరు గారికి నమస్కారం. తరంగపట్టీ గారు చర్మం సంగతి అడగమన్నారు కాబట్టి రాస్తున్నాను. నేను హైదరాబాదులో మెడికల్ ఐసీయూలో స్టాఫ్ నర్సుగా చేరి, ఇప్పుడు అక్కడే ఇన్‌ఛార్జిగా ఉన్నాను. మా హెచ్‌డీయూలో కొంతకాలంగా ఛాతీ ప్యాచ్‌లు వాడుతున్నాం.

వేలి ప్రోబ్ ఎందుకు కొలత ఇవ్వదో మాకు ప్రతి షిఫ్టులోనూ కనబడుతుంది. షాక్‌లో (రక్తపోటు పడిపోయి) ఉన్న రోగికి రక్తనాళాలను బిగించే నారడ్రినలిన్ మందు నడుస్తుంటే వేళ్లు మంచుగడ్డల్లా ఉంటాయి, అక్కడ నాడి దొరకదు. చెవితమ్మెకో, నుదుటికో మార్చాలి. కిడ్నీ రోగులకు చేతులు వాచిపోయి క్లిప్ సరిగా పట్టదు. గోరింటాకు, నెయిల్ పాలిష్ సంగతి మీకు తెలిసిందే. మతి స్థిమితం తప్పిన రోగి అర్ధరాత్రి ఏది చేతికి అందితే అది పీకేస్తాడు. తీగ ఉన్న ప్రోబ్ పీకితే అది మంచం పక్కన వేలాడుతూ కనబడుతుంది. తీగ లేనిది దుప్పటి మడతల్లోకి పోయి, పొద్దున బట్టలు ఉతికే చోట దొరుకుతుంది. ఇది హాస్యానికి చెప్పడం లేదు, మాకు రెండు అలాగే పోయాయి.

ప్యాచ్ అంటుకోవడం మన వాతావరణంలో పెద్ద సమస్య. జ్వరం తగ్గి చెమట పట్టిన రోగి ఛాతీ మీద అది గంటల్లో అంచులు లేస్తుంది. ఛాతీ మీద వెంట్రుకలుంటే ముందుగా క్లిప్పర్‌తో తీసి, నూనె, పౌడరు ఏమీ లేకుండా తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి అంటించాలి. ఇంటివాళ్లు ప్రేమతో ఒంటికి విభూతి రాస్తారు, కొబ్బరినూనె రాస్తారు. వద్దనలేము, కాని ఛాతీని వదిలి రాయమని చెబుతాం. వృద్ధుల చర్మం సిగరెట్ కాగితంలా ఉంటుంది, ప్యాచ్ లాగితే దానితో పాటు పై పొర వచ్చేస్తుంది. ప్రతి రెండు గంటలకూ రోగిని పక్కకు తిప్పుతాం కదా, ఆ సమయంలోనే ప్యాచ్ కింద చర్మం ఎర్రబడిందేమో చూడటం అలవాటు చేసుకున్నాం.

వీటన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. కంపెనీవాళ్లు దాని గురించి తమంతట తాము చెప్పరు. తీగ ఉన్న మానిటరు ఎవరిదో కంటితో చూస్తే తెలుస్తుంది, తీగ పట్టుకుని వెళితే రోగి దగ్గరికే తీసుకువెళుతుంది. ప్యాచ్‌కు ఆ ఆనవాలు లేదు. ఒకసారి మా దగ్గర 4వ పడక రోగిని 7కు, 7వ పడక రోగిని వార్డుకు మార్చారు. ప్యాచ్ రోగితో పాటు వెళ్లింది కాని, తెర మీద పేరు మారలేదు. సుమారు అరగంట సేపు మేము ఒకరి అంకెలు చూసి ఇంకొకరివి అనుకున్నాం. షుగర్ చూడటానికి వెళ్లిన సిస్టర్ నాడి పట్టుకుని చూసి, తెర మీద 112 ఉంటే చేతికి 80 లోపే తగులుతోందేమిటని అడగబట్టి బయటపడింది. దేవుడి దయవల్ల ఇద్దరూ నిలకడగానే ఉన్నారు. ఆ రోజు నుంచి పడక మారినా, ప్యాచ్ మారినా ఇద్దరు సిస్టర్లు కలిసి సరిచూసి సంతకం చేస్తాం.

బ్యాటరీ విషయం క్లుప్తంగా చెబుతాను. ఎన్ని రోజులు వస్తుందని కరపత్రంలో రాశారో దానిని నమ్మకండి. తెల్లవారుజామున 4 గంటలకు ఒకేసారి ఐదు ప్యాచ్‌లకు బ్యాటరీ హెచ్చరిక వస్తే ఎలా ఉంటుందో ఊహించండి. మేము వాటిని అంటించే రోజులను వేర్వేరుగా చేసుకున్నాం.

మంచి కూడా చెప్పాలి. హెచ్‌డీయూలో రోగి లేచి నాలుగు అడుగులు వేయడానికి, బాత్‌రూముకు వెళ్లడానికి ఇప్పుడు మమ్మల్ని పిలిచి తీగలు ఊడదీయించుకోనక్కరలేదు. ఒకరి ఒంటి మీద నుంచి ఇంకొకరి ఒంటి మీదికి వెళ్లే ఈసీజీ తీగలను తుడిచే పని తగ్గింది. వార్డులో లాగా నాలుగు గంటలకొకసారి కాకుండా శ్వాస రేటు ఎప్పటికప్పుడు తెలియడం వల్ల, ఆయాసం ముదరకముందే డ్యూటీ డాక్టరును పిలిచిన సందర్భాలున్నాయి. అయితే మా ఐసీయూలో మాత్రం మానిటర్లు తీయలేదు. తీస్తామంటే నేను ఒప్పుకునేదాన్ని కూడా కాదు.


సమాధానం 3: క్రిటికల్‌కేర్_వైద్యుడు

సిస్టర్ గారు రాసినదానితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. తరంగపట్టీ గారి సమాధానంలో ఒక్క విషయం మీద మాత్రం నాకు అభ్యంతరం ఉంది. ఆయన చెప్పిన సెయింట్ లూయిస్ అధ్యయనంలో కొలత నిమిషానికి ఒకటి రెండుసార్లు మాత్రమే పంపారు. ఒక కొలత పోయినా తరువాతది వస్తుంది, కొంపలు మునగవు. వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్ (గుండె సరిగా కొట్టుకోకుండా వణికే ప్రాణాంతక స్థితి) అలాంటిది కాదు. షాక్ ఇవ్వడంలో ఆలస్యమయ్యే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం సుమారు 7 నుంచి 10 శాతం తగ్గుతుందని మేము చదువుకున్నాం. అలాంటప్పుడు నిరంతరంగా రావలసిన ఈసీజీ గ్రాఫులో పది సెకన్ల ఖాళీ వచ్చినా అది చిన్న విషయం కాదు. 99.68 అనే అంకెను హెచ్‌డీయూ ఆక్సీమీటరుకు వర్తింపజేయండి, ఐసీయూ ఈసీజీకి వర్తింపజేయకండి.

ఇక అసలు ప్రశ్నకు వస్తాను. ఐసీయూ రోగి నుంచి ఈసీజీ, ఎస్పీఓటూ తీగలు తీసేస్తే ఎన్ని మిగులుతాయో ఒకసారి పడక దగ్గర నిలబడి లెక్కపెట్టండి. వెంటిలేటర్ గొట్టాలు, సెంట్రల్ లైను, దానికి నాలుగైదు సిరంజి పంపులు, ధమనిలో పెట్టి రక్తపోటును నేరుగా కొలిచే ఆర్టీరియల్ లైనూ దాని ట్రాన్స్‌డ్యూసర్ కేబులూ, యూరిన్ క్యాథెటర్, ముక్కు గొట్టం. తీగలు లేని ఐసీయూ అన్న మాట వెంటిలేటర్ మీదున్న రోగికి వర్తించదు. ముఖ్యంగా రక్తపోటు. నాడి ఛాతీ నుంచి వేలికి చేరే సమయాన్ని బట్టి కఫ్ లేకుండా బీపీ అంచనా వేస్తామని కొన్ని ప్యాచ్‌లవారు చెబుతున్నారు. ఆ సమయం రక్తనాళాల బిగువును బట్టి కూడా మారుతుంది, నారడ్రినలిన్ చేసే పనే ఆ బిగువును మార్చడం. మందు డోసు మార్చిన ప్రతిసారీ అంచనా జారిపోయే చోట దాన్ని చూసి మందు డోసు నిర్ణయించడం ఎలా కుదురుతుంది? అక్కడ ఆర్టీరియల్ లైనుకు బదులు లేదు. ఒకే లీడు ఇచ్చే ఛాతీ ప్యాచ్ లయ చెప్పగలదు కాని, అయిదు తీగల ఈసీజీ ఇచ్చే కోణాలు ఇవ్వలేదు కాబట్టి గుండెపోటు రోగిలో ఎస్‌టీ మార్పులు (గుండె కండరానికి రక్తం అందడం లేదని ఈసీజీలో కనబడే మార్పులు) దాని కంటపడకుండా పోవచ్చు. ప్యాచ్ మీద రెండు ప్యాడిల్స్ మధ్య హృదయం బొమ్మ ఉన్న గుర్తు ఉందో లేదో కూడా చూడండి. షాక్ ఇచ్చినా తట్టుకుంటుందనడానికి అది గుర్తు.

నేను మానిటరును వదులుకోకపోవడానికి అన్నిటికంటే పెద్ద కారణం ఇది. ఇప్పుడు మీ నెట్‌వర్క్ ఆగిపోతే సెంట్రల్ స్టేషన్ తెర నల్లబడుతుంది గాని, పడక పక్కనున్న మానిటరు దాని పని అది చేసుకుంటూ, దాని గొంతుతో అది అరుస్తూనే ఉంటుంది. ప్యాచ్‌కు తెర లేదు, గొంతు లేదు. దాని తెర ఎక్కడో సర్వరుకు అవతల ఉంది. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద సైబర్ దాడి జరిగినప్పుడు రెండు వారాల పాటు అక్కడివారు చేతిరాతతో పని నడుపుకున్నారు. అలాంటిది మీ పట్టణంలో జరిగితే 12 మంది రోగుల గుండె లయను కాగితం మీద ఎవరు రాస్తారు? మీరు ఏ పరికరం కొన్నా, సర్వరుతో సంబంధం లేకుండా పడక దగ్గరే చూపించి, పడక దగ్గరే అలారం మోగించే తెర ఒకటి ఉండాలని టెండరులో మొదటి షరతుగా రాయండి.

అలారాల గురించి యాజమాన్యానికి తప్పకుండా చెప్పండి. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఆసుపత్రి ఐసీయూలలో 31 రోజుల పాటు 461 మంది రోగుల మానిటర్లను గమనించి 2014లో ప్రకటించిన అధ్యయనంలో మొత్తం 25 లక్షలకు పైగా హెచ్చరికలు నమోదయ్యాయి. వినబడేలా మోగినవే రోజుకు ఒక్కో పడకకు 187. పరిశీలకులు విడిగా తీసి చూసిన గుండె లయ అలారాల్లో 88.8 శాతం అబద్ధాలు. ఇవన్నీ తీగల మానిటర్ల లెక్కలు. దీని మీద సంకేతం పోయింది, బ్యాటరీ తగ్గింది, ప్యాచ్ లేచింది అనే మూడు కొత్త రకాలు చేరితే సిస్టర్లు ఏ అలారానికీ తల తిప్పని స్థితి వస్తుంది. అది వారి తప్పు కాదు.

రంగు విషయం కూడా మరిచిపోవద్దు. పల్స్ ఆక్సీమీటరు నల్లటి చర్మం మీద ఆక్సిజన్‌ను ఉన్నదానికంటే ఎక్కువగా చూపవచ్చని 2020లో అమెరికాలో ప్రచురితమైన పరిశోధన మళ్లీ గుర్తుచేసింది. యంత్రం 92 నుంచి 96 వరకు చూపిస్తుండగా రక్తపరీక్షలో 88 కంటే తక్కువ వచ్చిన సందర్భాలు తెల్లవారిలో 3.6 శాతం, నల్లవారిలో 11.7 శాతం. తీగ ఉన్నా లేకపోయినా ఈ లోపం ఒకటే. కాని కొత్త సెన్సర్ కొనేటప్పుడు, దానిని ఎలాంటి చర్మం ఉన్నవారి మీద పరీక్షించారని అడిగే హక్కు మనకుంది.

వైర్‌లెస్ సెన్సర్ నిజంగా మనసుకు నచ్చిన చోటు నాకు ఒకటే కనబడింది. అది నవజాత శిశువుల ఐసీయూ. చికాగోలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయ బృందం 2019లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించిన పనిలో, నెలలు నిండని శిశువు ఛాతీ మీద ఒకటి, పాదానికి ఒకటి చొప్పున రెండే పలుచని మెత్తటి సెన్సర్లు పెట్టారు. వాటిలో బ్యాటరీ లేదు. పరుపు కింద ఉన్న యాంటెన్నా నుంచే వాటికి శక్తి అందుతుంది, సమాచారమూ ఆ దారినే వెళుతుంది. మామూలు మానిటర్లను కూడా పక్కనే నడిపి అంకెలు పోల్చి చూశారు. కిలో బరువు లేని బిడ్డకు అయిదు తీగలు, వాటి జిగురు ఎంత భారమో చూసినవారికే తెలుసు. తల్లి ఆ బిడ్డను రొమ్ముకు హత్తుకుని కంగారూ సంరక్షణ ఇవ్వాలంటే తీగలే మొదటి అడ్డంకి. 1978లో కొలంబియాలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక మొదలుపెట్టిన ఆ పద్ధతిని ఈనాడు మన జిల్లా ఆసుపత్రుల్లోనూ పాటిస్తున్నారు. అక్కడ తీగ తీసేయడం సౌకర్యం కాదు, వైద్యంలో భాగమే. మీ ఆసుపత్రిలో శిశువుల విభాగం ఉంటే, యాజమాన్యం డబ్బు ముందుగా అక్కడ ఖర్చు పెట్టించండి.


తరంగపట్టీ

డాక్టరు గారి అభ్యంతరం న్యాయమైనది. నిమిషానికొక కొలతనూ నిరంతర గ్రాఫునూ నేను ఒకే గాట కట్టాను, అది పొరపాటు. దానికి తోడు ఇంజినీరు గారు అడగవలసిన ప్రశ్న ఒకటి చేరుస్తాను. సంబంధం తెగినప్పుడు ప్యాచ్ తన దగ్గర ఎంతసేపటి గ్రాఫును దాచుకుంటుంది, సంబంధం కలిశాక పాత గ్రాఫును ఎలా చూపిస్తుంది? కొన్ని పరికరాలు దాచిన దానిని తిరిగి పంపుతాయి. రికార్డుకు అది మంచిదే. కాని రెండు నిమిషాల కిందటి గ్రాఫు ఇప్పటిదన్నట్టు తెర మీద కదిలితే ప్రమాదం. పాతదానికి రంగు మార్చి చూపాలి, లేదా అక్కడ ఖాళీ వదిలేయాలి.

మొదటి సమాధానంలో చెప్పడం మరిచిన విషయం ఇంకొకటి. మీ యాజమాన్యం పరికరాలు ఎక్కడున్నాయో వెతకడానికి ఆర్ఎఫ్ఐడీ (రేడియోతో చదివే గుర్తింపు చీటీలు) కూడా పెడతామంటే, ఆ రీడర్లను ఐసీయూ లోపల బిగించనివ్వకండి. 2008లో ఆమ్‌స్టర్‌డామ్‌లో రోగులు లేకుండా 41 క్రిటికల్ కేర్ పరికరాల మీద చేసిన 123 పరీక్షల్లో 34 సార్లు అంతరాయం కలిగింది. వాటిలో 22 ప్రమాదకరమైనవని నిర్ణయించారు. ఎక్కువ ఇబ్బంది పెట్టినది 868 మెగాహెర్ట్జ్ రీడరు, మన దగ్గర ఆ జాతి రీడర్లు ఉండేది కూడా 865 నుంచి 868 పట్టీలోనే. ఛాతీ ప్యాచ్ పంపే శక్తి దానితో పోలిస్తే అత్యల్పం కాబట్టి ప్యాచ్ వల్ల వెంటిలేటర్‌కు ఇబ్బంది వస్తుందని భయపడనక్కరలేదు.


గోదావరి_బయోమెడ్

ముగ్గురికీ కృతజ్ఞతలు. నివేదిక చిత్తుప్రతి ఈ విధంగా రాశాను. ఐసీయూలోని 12 మానిటర్లూ యథాతథంగా ఉంటాయి. సీటీకి తీసుకువెళ్లే దారిలో వాడుకోవడానికి పోర్టబుల్ మానిటర్లు రెండు అదనంగా అడిగాను. ప్యాచ్‌లను మొదట హెచ్‌డీయూలోని 10 పడకల్లో నాలుగింటికి, అదీ మూడు నెలల పాటు పాత మానిటర్లతో కలిపి నడిపి, ఏ రోజు ఏ పడకలో ఎంతసేపు కొలత రాలేదో, ఎందుకు రాలేదో పుస్తకంలో రాయాలని ప్రతిపాదించాను. రేడియో వల్ల పోయినదీ, చర్మం దగ్గర పోయినదీ వేర్వేరు గడుల్లో ఉంటాయి. మాకు శిశువుల ఐసీయూ లేదు, అది ఉన్న ఆసుపత్రుల్లోని వైద్యమిత్రులకు డాక్టరు గారి మాట చేరవేస్తాను.

సిస్టర్ గారిని ఒక్కటి అడగాలి. పడకలు మారినప్పుడు సరిచూసే ఆ పద్ధతి ఏమిటి? ప్యాచ్ నంబరును పడకకు అతికించిన చీటీ మీద రాస్తారా?


రాత్రిడ్యూటీ_సిస్టర్

పడక మీద రాయవద్దు ఇంజినీరు గారూ, మా పొరపాటు అక్కడే మొదలైంది. ప్యాచ్ నంబరును రోగి మణికట్టు బ్యాండ్ మీద, పేరు, ఐపీ (ఇన్‌పేషెంట్) నంబరు పక్కన రాయండి. పడక మారినా అది అతనితోనే వెళుతుంది. సరిచూసేటప్పుడు ఒక సిస్టర్ పడక దగ్గర నిలబడి బ్యాండ్ మీది పేరు, ప్యాచ్ నంబరు పైకి చదువుతారు, ఇంకొకరు నర్సింగ్ స్టేషన్ తెర ముందు ఉంటారు. తరువాత పడక దగ్గరున్న సిస్టర్ రోగికి ముందే చెప్పి, ప్యాచ్ మీద వేలితో మెల్లగా మూడుసార్లు తడతారు. తెర మీద ఆ పేరు పక్కనే గ్రాఫు మూడుసార్లు ఎగిరితే సరి. ఇంకో పేరు పక్కన ఎగిరితే, ఆ రెండు పేర్లూ సరిదిద్దే వరకు ఇద్దరు రోగులకూ పాత మానిటరే తగిలించి ఉంచండి.